కెమిస్ట్రీ మేడంకి ఊళ్ళో ఏం పని?

ప్రశ్న: కనిగిరి దగ్గర ఒక డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను. డిగ్రీ పిల్లలు ఊళ్ళో తిరిగి చేసే వేసవి కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టుకి 40 మందికి నన్ను మెంటర్‌గా వేశారు. ఎలా చేయించాలో ఎవరూ చెప్పలేదు. పోయినేడు వచ్చిన లాగ్‌బుక్కులన్నీ ఒకదాన్ని చూసి ఒకటి రాసినవే. సర్వేలంటే ఎకనామిక్స్ వాళ్ళ పని కదా, నేనేం నేర్పాలి?
- ఒక అధ్యాపకురాలు

జవాబు: అమ్మా, ఎకనామిక్స్ వాళ్ళకి వదిలేస్తే మళ్ళీ ఆ ప్రశ్నావళే వస్తుంది: ఇంట్లో ఎంతమంది, టీవీ ఉందా, మరుగుదొడ్డి ఉందా. ఊరివాళ్ళు కూడా "పోయినేడు రాసుకుపోయిందేమైంది?" అని అడుగుతున్నారు. అడగరూ మరి!

మీ ప్రాంతంలో ఫ్లోరైడ్ నీళ్ళ సంగతి నేను చెప్పాలా? గారపళ్ళ పిల్లలు మీ క్లాసులోనే ఉంటారు. ఒక్కో జట్టుకి ఒక వీధి బోర్లు, కుళాయిలు, క్యాన్ నీళ్ళు అప్పగించండి. నీటి కాఠిన్యం కొలిచే ఈడీటీఏ టైట్రేషన్ పరీక్ష మీ ప్రాక్టికల్స్‌లో ఉన్నదే. ఫ్లోరైడ్ నమూనా మాత్రం ప్లాస్టిక్ సీసాలోనే పట్టించండి, గాజు వద్దు. లీటరుకి 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే దారి లేనప్పుడు 1.5 వరకూ పరవాలేదని మన ప్రమాణం. మీ అంకె ఎంత వచ్చినా ఆర్‌డబ్ల్యూఎస్ (గ్రామీణ నీటి సరఫరా శాఖ) ల్యాబులో సరిచూపించకుండా ఊళ్ళో నోరు విప్పనివ్వకండి. "మీ బోరు విషం" అని ఓ కుర్రాడు అరుగు మీద అనేశాడంటే సర్దిచెప్పడం మీ వల్ల కాదు.

ప్రాజెక్టుకి 180 గంటలు, 4 క్రెడిట్లు అనగానే పిల్లలు పేజీలు నింపడం మొదలుపెడతారు. "అవగాహన కల్పించాము" అన్న వాక్యం కనబడితే లాగ్‌బుక్ వెనక్కిచ్చేయండి. ఏ బోరు దగ్గర, ఎన్ని గంటలకు, బిందె పట్టుకున్నావిడ ఏమంది, అది వినకముందు తనేమనుకున్నాడు: ఇవి రాయమనండి. ఈ నాలుగూ కాపీ కొట్టి రాయడం కష్టం. మే నెల ఎండ కాబట్టి పని పొద్దున పదిలోపే. కూలికెళ్ళే పిల్లలకి వాళ్ళ ఊరే ఇవ్వండి.

చివర్లో ఫలితాలు ఒక్క పేజీలో, తెలుగులో, ఊరి సచివాలయం గోడకి అంటించాలి. భాష దిద్దడానికి మీ తెలుగు మాస్టారిని పట్టుకోండి, ప్రశ్నలు దిద్దడానికి ఎకనామిక్స్ వారిని. వాళ్ళకీ మెంటర్ పని ఉంది కదా, బదులుగా మీ ల్యాబు ఇవ్వండి.

శిక్షణ లేదన్నారు. ప్రిన్సిపాల్ గారికి నోటిమాటగా కాక కాగితం మీదే పెట్టండి: సెలవులకి ముందు మెంటర్లందరికీ ఆర్‌డబ్ల్యూఎస్ ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు)తో, ఊరి నర్సు ఏఎన్‌ఎంతో ఒక పూట సమావేశం, రీఏజెంట్లకి (పరీక్షకి వాడే రసాయనాలకి) డబ్బు, ఊళ్ళకి తిరిగే బస్సు ఛార్జీలు, మెంటర్ గంటలు వర్క్‌లోడ్‌లో లెక్క. నాలుగూ ఒకేసారి రావు. సమావేశం, రీఏజెంట్లు మాత్రం వదలకండి. వర్క్‌లోడ్ సంగతి స్టాఫ్ కౌన్సిల్లో మిగతా మెంటర్లతో కలిసి అడగండి, ఒక్కరే అడిగితే "మీకొక్కరికేనా కష్టం?" అంటారు.