స్విమ్మింగ్ పూల్ ఛేంజింగ్ రూమ్‌లో ఎలా మెలగాలి?

మొదటిసారి పబ్లిక్ పూల్‌కి వెళ్తున్నాను, బట్టలు మార్చుకునే గదిలో ఏమేం పాటించాలి అని అడిగారు.

అన్నిటికన్నా ముఖ్యమైనది, చాలామంది వదిలేసేది ఒకటుంది: నీళ్లలోకి దిగేముందు సబ్బుతో స్నానం. ఏదో నాలుగు చుక్కలు చల్లుకుంటే సరిపోదు. పూల్ దగ్గర ఘాటు వాసన వస్తే క్లోరిన్ ఎక్కువేశారు అనుకుంటాం. నిజానికి ఆ ఘాటు క్లోరమిన్లది. మన చెమట, మూత్రం క్లోరిన్‌తో కలిస్తే అవి తయారవుతాయి. కళ్లు మండేదీ ఎక్కువగా వాటివల్లే. ఒక్క నిమిషం షవర్ కింద నిలబడి ఒళ్లు రుద్దుకున్నా ఆ చెమట, రాసుకున్న క్రీములు చాలావరకు పోతాయి.

ఫోన్ బ్యాగులోంచి తీయకండి. మీరు చూసేది మెసేజే కావచ్చు, కానీ పక్కన టవల్ చుట్టుకుని నిలబడ్డ మనిషికి కెమెరా తనవైపే ఉన్నట్టు అనిపిస్తుంది. ఎవరికీ ఆ టెన్షన్ పెట్టకూడదు. కాల్ వస్తే బయటికెళ్లి మాట్లాడండి.

ఈత అయ్యాక ఒళ్లు తుడుచుకున్నాకే గదిలోపలికి రండి. నీళ్లు కారుతూ వస్తే బెంచీ కింద మడుగు కడుతుంది, అప్పుడే సాక్సు వేసుకున్నవాళ్లు అందులోనే కాలు పెడతారు. పైగా కాలి వేళ్ల మధ్య వచ్చే ఫంగస్ తడి నేల మీద తేలిగ్గా అంటుకుంటుంది. రబ్బరు చెప్పులు తప్పకుండా తీసుకెళ్లండి. బ్యాగు లాకర్‌లో పెట్టండి, బెంచీ కూర్చోవడానికి.

అందరి ముందూ మార్చుకోవచ్చా అన్నది ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది, బోర్డు చూడండి. మొహమాటంగా ఉంటే తలుపున్న గదిలో మార్చుకోండి, ఎవరూ ఏమీ అనుకోరు.