సైన్, కాస్‌తో జ్యామితి లెక్కలు చేస్తే మార్కులు పోతాయా?

పర్లాకిమిడి నుంచి ఒక తండ్రి ఇలా రాశారు: "మా పాప ఒడియా మీడియంలో పదో తరగతి. ఇంట్లో మాట్లాడేది తెలుగే. జ్యామితి లెక్క ఏదిచ్చినా సిద్ధాంతం జోలికి పోదు. ఎక్స్ అనో, సైన్ అనో పెట్టి జవాబు తెచ్చేస్తుంది. వాళ్లన్నయ్య ప్లస్ టూ పుస్తకం చూసి నేర్చుకుంది. జవాబు సరిగ్గానే ఉంటున్నా మార్కులు కోసేస్తున్నారు. జ్యామితి రావడం లేదేమోనని మాకు టెన్షన్. విశాఖ పంపించి కోచింగ్‌లో చేర్చమంటారా?"

అయ్యా, జ్యామితి రాని పిల్ల ఇలా చెయ్యలేదు. గీత ఎక్కడ గీయాలో తెలిస్తేనే ఎక్స్ ఎక్కడ పెట్టాలో తెలుస్తుంది.

13, 14, 15 భుజాలున్న త్రిభుజం తీసుకోండి. 14 భుజం మీదికి పై మూల నుంచి లంబం దించితే ఆ భుజం రెండు ముక్కలవుతుంది. 13 వైపు ముక్క ఎక్స్, రెండోది 14 - ఎక్స్. రెండు వైపులా ఎత్తు ఒకటే కాబట్టి, 169లోంచి ఎక్స్ వర్గం తీసేసినా, 225లోంచి (14 - ఎక్స్) వర్గం తీసేసినా వచ్చేది ఒకటే. ఎక్స్ వర్గాలు కొట్టుకుపోయి ఎక్స్ = 5 మిగులుతుంది. ఎత్తు 12, వైశాల్యం 84. మీ పాపయితే కొసైన్ సూత్రం వేసి, 13, 14 భుజాలు కలిసే మూలకు కాస్ 5/13, సైన్ 12/13 అని నేరుగా తెస్తుంది. ఆ సూత్రాన్ని విప్పి చూస్తే లోపల ఉండేది ఈ లంబమే. ఒకసారి పాపనే విప్పి చూపించమనండి. చూపిస్తే దిగులే లేదు. తడబడితే మాత్రం మాస్టారి పక్షాన కొంత న్యాయముంది.

"కనుక్కోండి" అన్న ప్రశ్న వేరు, "నిరూపించండి" అన్నది వేరు. పైథాగరస్ సిద్ధాంతం నిరూపించమంటే సైన్ వర్గం, కాస్ వర్గం కలిపితే 1 అని రాసే పిల్లల్ని చాలామందిని చూశాను. ఆ సూత్రం మన పుస్తకాల్లో పుట్టిందే పైథాగరస్ నుంచి, అంటే నిరూపించాల్సినదాన్నే వాడినట్టు. (త్రికోణమితితో అసలు కుదరదని కాదు. సైన్ నియమం వాడి, ఈ గుండ్రంలో పడకుండా నిరూపించామని 2023లో అమెరికాలో ఇద్దరు హైస్కూలు అమ్మాయిలు ప్రకటించారు.) ఇంకో గోతి: సైన్ 1/2 రాగానే 30 డిగ్రీలని రాసేస్తారు, అది 150 కూడా కావచ్చు. అనుమానం వచ్చినచోట కాస్ చూడమనండి. మైనస్ వస్తే అధిక కోణం.

మెట్రిక్ వరకు తన దారిని రఫ్‌లో ఉంచుకోమనండి. రెండు లంబకోణ త్రిభుజాల్లో ఒకే టాన్ విలువ వచ్చిందంటే అవి సరూప త్రిభుజాలే. ఆ మాట ఫెయిర్‌లో సిద్ధాంతం పేరుతో రాస్తే మార్కు కొయ్యడానికి ఏముంటుంది?

ప్లస్ టూలో నిరూపక జ్యామితి అంటే బొమ్మను బీజగణితంగా మార్చడమే, అక్కడ ఈ అలవాటే ఆస్తి. జేఈఈ మెయిన్‌లో దారి ఎవరూ అడగరు, జవాబే చూస్తారు. ఆ పరీక్ష తెలుగులోనూ, ఒడియాలోనూ ఉంది. ఇంట్లో తెలుగే కదా అని తెలుగు పెట్టకండి, పాప లెక్కలు చదివింది ఒడియాలో. ఒడియా పేపరు ఒడిశా కేంద్రాల్లోనే ఇస్తారు.

అందుకే విశాఖ నాకు అవసరమనిపించడం లేదు. అక్కడ రెండేళ్ల ఇంటర్ చదివినంత మాత్రాన ఆంధ్రాలో లోకల్ కూడా అయిపోరు. బరంపురం మీకు దగ్గర, 2016 నుంచి అక్కడ ఐసర్ (కేంద్ర ప్రభుత్వ సైన్స్ విద్యాసంస్థ) ఉంది. నిరూపణలు కూడా ఇష్టపడితే ఐసర్ ఆప్టిట్యూడ్ టెస్ట్‌తో పాటు, కోల్‌కతా కేంద్రంగా ఉన్న ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ పరీక్ష కూడా రాయించండి. ఈ రెండో పరీక్షలో ఒక పేపరులో దారి మొత్తం రాయాలి.

ఉద్యోగం త్వరగా కావాలంటే సివిల్ డిప్లొమా ఉంది. సర్వే వాళ్లు వాడే టోటల్ స్టేషన్ అనే పరికరం కోణం, దూరం కొలిచి, సైన్ కాస్‌లతోనే స్థానం లెక్కిస్తుంది. 1802లో లాంబ్టన్ అనే బ్రిటిష్ సర్వేయర్ మద్రాసు దగ్గర ఒక గీతను గొలుసులతో కొలిచి, అక్కణ్ణుంచి ఎక్కువగా కోణాలతోనే దేశాన్ని కొలుచుకుంటూ పోయాడు.

సెలవుల్లో మీ మహేంద్రగిరి కనిపించే చోటికి పాపను తీసుకెళ్లండి. రెండు చోట్ల నుంచి శిఖరం కోణాలు కొలిచి ఎత్తు కట్టమనండి. అసలు ఎత్తు 1501 మీటర్లు. మీరు నిలబడ్డ నేల ఎత్తు కూడా కలపాలని తనంతట తానే గుర్తుపడుతుందో లేదో చూసి, మళ్లీ రాయండి.