అంబులెన్సులో రక్తం ఎక్కించే ఏర్పాటు: మేనల్లుడికి లేఖ

పర్లాకిమిడి

చిరంజీవి శ్రీనివాసుకు మామయ్య ఆశీస్సులు.

ఒడిశాలోని మన గజపతి జిల్లాలో 108 వాహనంలోనే రక్తం ఎక్కించే ఏర్పాటుకు పూనుకున్నావని విని సంతోషించాను. కాన్పయ్యాక రక్తస్రావం ఆగని తల్లిని మోహన, ఆర్. ఉదయగిరి కొండల నుంచి బరంపురం ఎం.కె.సి.జి. ఆస్పత్రికి తెచ్చేటప్పుడు సెలైన్ మీదే ఆధారపడితే, అది కొంతసేపు రక్తపోటును నిలుపుతుందే కాని ఆక్సిజన్‌ను మోయదు, పైగా మిగిలిన రక్తాన్ని పలచన చేస్తుంది.

అయితే ఫ్రిజ్ కొనడానికి ముందే బ్లడ్ బ్యాంకు అధికారితో మాట్లాడు. రక్తపు సంచిని వాహనంలో పెట్టడం కన్నా, వాడని సంచి చెడిపోకుండా వెనక్కి చేరేలా చూడడమే కష్టం. ఎర్రకణాలను 2 నుంచి 6 డిగ్రీల మధ్య నిలవ ఉంచాలి. రక్తం చెడకుండా సంచిలో కలిపే సీపీడీఏ ద్రావణంలో వాటి గడువు 35 రోజులే. అందుకని గడువుకు రెండు వారాల ముందే సంచిని ఆస్పత్రికి తిప్పి పంపి, అక్కడ వాడుకొనేలా ఒప్పందం రాయించుకో. దారి పొడుగునా ఉష్ణోగ్రత ఎంత ఉందో నమోదై ఉంటేనే వాళ్లు తిరిగి తీసుకుంటారు. నా దృష్టిలో ఆ నమోదు పుస్తకం ఫ్రిజ్ కన్నా ముఖ్యం, ఎందుకంటే రక్తదాన శిబిరంలో దాత ఇచ్చిన రక్తం పారబోశారని తెలిస్తే ఆ ఊరు మళ్లీ ముందుకు రాదు.

గ్రూపు తెలియని ఎవరికైనా అత్యవసరంలో ఎక్కించే ఓ నెగటివ్ రక్తం మన దగ్గర అరుదు. దాన్ని బాలికలకు, పిల్లలు కనే వయసు స్త్రీలకు అట్టిపెట్టి, పురుషులకు, వయసు మళ్లిన స్త్రీలకు ఓ పాజిటివ్ వాడే నియమం పెట్టు.

సిబ్బందికి శిక్షణ ఇచ్చేటప్పుడు, రక్తం ఎక్కించే ముందే రోగి రక్తం నమూనా తీసి పేరు రాయడం అలవాటు చేయించు. లేకుంటే ఆస్పత్రిలో గ్రూపు తేల్చడం చిక్కవుతుంది. రక్తం వెళ్లే గొట్టంలో రింగర్ లాక్టేట్ అనే సెలైన్ లాంటి ద్రావణాన్ని కలపకూడదు. చల్లని రక్తం గడ్డకట్టే శక్తిని తగ్గిస్తుంది కనుక వేడిచేసే పరికరం తప్పనిసరి. రక్తం గడ్డకట్టకుండా సంచిలో కలిపే సిట్రేట్ ఒంట్లో కాల్షియాన్ని తగ్గిస్తుంది, కాబట్టి కాల్షియం వేరే సూది ద్వారా ఇవ్వాలి. రక్తస్రావాన్ని తగ్గించే ట్రానెక్సామిక్ ఆమ్లం మందు, రక్తస్రావం మొదలైన మూడు గంటల లోపే పడాలి. ఎక్కించాలన్న నిర్ణయం ఫోనులో ఉన్న డాక్టరుది. ఆ ఆదేశాన్ని సమయంతో సహా రాసిపెట్టాలి.

కొండ ఊళ్లలో సికిల్ సెల్ (ఎర్రకణాలు కొడవలి ఆకారంలోకి మారే జబ్బు) ఉన్నవారు, ఇదివరకే చాలాసార్లు రక్తం ఎక్కించుకున్నవారు ఉంటారు. వారి ఒంట్లో ఇతరుల రక్తాన్ని ఎదిరించే ప్రతిరక్షకాలు ఉండవచ్చు కనుక ఆ సంగతి అడిగి తెలుసుకోవాలి. సమ్మతి అడిగేది సవర భాషలో అయితే మేలు, ఆశా కార్యకర్త సాయం తీసుకో.

ఒక్క వాహనంతోనే మొదలుపెట్టు. ఔషధ నియంత్రణ శాఖ నుంచి లిఖితపూర్వక అనుమతి వచ్చేదాకా ఒక్క సంచీ కదలనివ్వకు. బరంపురంలో మీ నమూనాను, ఆదేశ పత్రాన్ని రాత్రివేళ ఎవరు అందుకుంటారో ఆ ఉద్యోగి పేరు, ఫోను నంబరు ముందే రాయించి వాహనంలో అతికించు.

మీ మామయ్య