వెన్నుపాము దెబ్బతిన్నవారికి మామూలు జలుబు కూడా ఎందుకు ముప్పు?

వచ్చిన జలుబులోని కఫాన్ని గట్టిగా దగ్గి బయటికి పంపలేకపోవడమే అసలు ముప్పు. దగ్గు గొంతు పని అనుకుంటాం గానీ, దానికి బలమిచ్చేవి పొట్ట, పక్కటెముకల కండరాలు. నిండా గాలి పీల్చి, గొంతు మూసి, పొట్ట బిగించి ఒక్కసారిగా వదిలితేనే కఫం కదులుతుంది. మెడ దగ్గర వెన్నుపాము దెబ్బతింటే ఆ కండరాలకు మెదడు నుంచి సంకేతాలు సరిగా అందవు. కఫం ఊపిరితిత్తుల్లో నిలిచిపోయి న్యుమోనియాకు దారితీయొచ్చు.

ఉదాహరణకు, కాళ్లూ చేతులూ చచ్చుబడిన వ్యక్తి దగ్గబోతే 'హ్' అని గాలి మాత్రమే వస్తుంది. సరిగ్గా ఆ క్షణంలో సహాయకుడు పక్కటెముకల కింద అరచేతులు ఆనించి లోపలికీ పైకీ నొక్కితే కఫం పైకి వస్తుంది. ఇది ఫిజియోథెరపిస్టు దగ్గర నేర్చుకుని చేయాల్సిందే, ఊరికే చూసి చేసేది కాదు.

చాలామంది పొరబడేది ఎక్కడంటే, దగ్గు వినిపించట్లేదు కాబట్టి జలుబు తగ్గిపోయిందనుకుంటారు. కొందరైతే దగ్గును అణిచే సిరప్ పట్టిస్తారు, ఉన్న కాస్త దగ్గూ పోతుంది. ఊపిరి వేగం పెరిగినా, జ్వరం వచ్చినా, పెదాలు నీలంగా మారినా వెంటనే డాక్టర్‌కి చూపించాలి. ఫ్లూ వైరస్ మారుతూ ఉంటుంది గనక ఆ టీకా ఏటా వేయించుకోవాలి.