టెక్ సందేహాలు: ఈ ఫూ, బార్ ఏమిటి?

ప్రశ్న: బీటెక్ మొదటి సంవత్సరం చదువుతున్నాను. కోడింగ్ పాఠాల్లో ఎక్కడ చూసినా ఫూ, బార్, బాజ్ అనే పేర్లే. డిక్షనరీలో అర్థం దొరకలేదు. వీటిని బట్టీ పట్టాలా? మార్చి రాస్తే ప్రోగ్రాం ఆగిపోతుందా?

జవాబు: బట్టీ పట్టే పని లేదు. 'ఫలానా ఊళ్లో ఫలానా ఆయన' అంటాం చూడండి, ప్రోగ్రామర్లకు ఆ ఫలానాయే ఫూ. రెండో ఫలానా కావాలంటే బార్, మూడోది బాజ్. ఫంక్షన్ (ఒక పని చేసిపెట్టే కోడ్ ముక్క) రాయడం నేర్పేటప్పుడు దానికి 'జీతం' అని పేరు పెడితే మీ ధ్యాస జీతం లెక్క మీదికి పోతుంది. ఫూ అంటే పోదు.

ఇప్పుడే ఒకటి చేసి చూడండి. మీరు పైథాన్ భాషలో రాసిన ఫైల్లో ఫూ ఉన్న ప్రతిచోటా 'ఊరు' అని పెట్టి రన్ చేయండి. తెలుగు లిపిలోనే పెట్టండి, పైథాన్ 3 ఒప్పుకుంటుంది. ఫలితం మారదు. అదే ఫంక్షన్ పేరుకు ముందు రాసే 'డెఫ్'ను మార్చారంటే వెంటనే ఎర్రర్ వస్తుంది. డెఫ్ పైథాన్‌ది, ఫూ రాసినవాళ్లది.

ఇక ఎక్కడి నుంచి వచ్చిందంటారా? రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైనికులు వాడిన 'ఫుబార్' అనే బూతుమాట నుంచి పుట్టిందని చాలామంది చెబుతారు. కానీ ఫూ అంతకంటే పాతది. 1930ల్లోనే బిల్ హోల్మన్ 'స్మోకీ స్టోవర్' అనే ఫైర్‌మన్ కామిక్‌లో అర్థం పర్థం లేకుండా ఎక్కడపడితే అక్కడ ఫూ అని రాసేవాడు. తర్వాత అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో బొమ్మ రైళ్ల క్లబ్బు కుర్రాళ్లు దాన్ని పట్టుకున్నారు. 1959లో వాళ్లు రాసుకున్న నిఘంటువులో ఫూ ఉంది. రైలు దేన్నైనా గుద్దబోతుంటే నొక్కడానికి వాళ్లకు అత్యవసర స్విచ్చులుండేవి. నొక్కగానే బోర్డు మీద గడియారం ఆగి, టైముకు బదులు ఫూ అని కనిపించేది! కంప్యూటర్లతో కుస్తీ పట్టిన తొలితరం కుర్రాళ్లలో చాలామంది ఆ క్లబ్బువాళ్లే. మాట కోడ్‌లోకి అలా చేరింది.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతాను. ఫూ పాఠం వరకే. మీ ప్రాజెక్టులో 'హాజరు', 'మార్కులు' అని అసలు పేర్లే పెట్టండి. లేకపోతే ఆర్నెల్ల తర్వాత మీ కోడ్ మీకే అర్థం కాదు.

ఉత్తుత్తి ఈమెయిల్ కావాల్సి వచ్చినా నోటికొచ్చిన జీమెయిల్ అడ్రస్ కొట్టకండి, అది ఎవరిదో నిజంగా ఉండొచ్చు. మీరు టెస్ట్ చేసినప్పుడల్లా వాళ్లకు మెయిల్ వెళ్తుంది. జీమెయిల్ డాట్ కామ్ బదులు ఎగ్జాంపుల్ డాట్ కామ్ వాడండి. ఆ డొమైన్‌ను 1999 నుంచి ఉదాహరణల కోసమే కేటాయించి ఉంచారు.