ఫారిన్ టూర్ ఖర్చంతా ఫారిన్ కరెన్సీ ఖర్చేనా?

ప్రశ్న: సార్, మాది విజయవాడలో మెషిన్ పార్ట్స్ చేసే ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ, నేను అకౌంట్స్ చూస్తాను. ఫిబ్రవరిలో మా సేల్స్ మేనేజర్ జర్మనీ వెళ్లొచ్చారు. ఫ్లైట్ టికెట్ ఇక్కడి ఏజెంట్ దగ్గర రూపాయల్లో కొన్నాం, చేతి ఖర్చుకి 2,000 యూరోలు ఫారెక్స్ కార్డులో వేయించాం, ఒక రాత్రి హోటల్‌కి మాత్రం ఆయన సొంత క్రెడిట్ కార్డు గీకారు. ఫారిన్ కరెన్సీ ఖర్చు కింద నేను అన్నీ కలిపి రాశాను, ఆడిటర్ గారు ఎర్ర గీత పెట్టి వెనక్కి పంపారు. తప్పెక్కడ జరిగింది?
- ఒక అకౌంటెంట్, విజయవాడ

జవాబు: తప్పు టికెట్ దగ్గరే జరిగిందండీ. కంపెనీల చట్టంలో అకౌంట్స్ ఎలా చూపాలో చెప్పే షెడ్యూల్ 3 డివిజన్ 1, అకౌంట్స్ కింద రాసే వివరణలో (దాన్నే నోట్ అంటాం) అడిగేది ఫారిన్ కరెన్సీలో పెట్టిన ఖర్చు, అంటే మనిషి ఎక్కడికి వెళ్లాడన్నది కాదు, డబ్బు ఏ కరెన్సీలో పోయిందన్నది చూడాలి. ఇక్కడి ఏజెంట్‌కి రూపాయలిచ్చారు కాబట్టి ఆ టికెట్ ట్రావెలింగ్ ఖర్చులో ఉంటుంది గానీ ఈ నోట్‌లోకి రాదు.

ఇక ఫారెక్స్ కార్డు సంగతి. లోడ్ చేసిందంతా ఖర్చు అనుకుంటారు చాలామంది, అది అడ్వాన్స్ మాత్రమే. ఉదాహరణకి యూరో 90 రూపాయల చొప్పున 1,80,000 పెట్టి లోడ్ చేయించారనుకోండి, బిల్లులు 1,650 యూరోలకే ఉంటే ఖర్చు 1,48,500. మిగిలిన 350 యూరోలు బ్యాంక్‌కి 88 చొప్పున అమ్మేస్తే 700 పోయింది కదా, అది టూర్ ఖర్చు కాదు, ఏఎస్ 11 (విదేశీ కరెన్సీ లెక్కల అకౌంటింగ్ స్టాండర్డ్) ప్రకారం ఎక్స్‌ఛేంజ్ నష్టం. మార్చి 31 నాటికి ఇంకా కార్డులోనే ఉండిపోతే ఆ రోజు రేటుకి మార్చి చూపాలి. అన్నట్టు మిగిలిన కరెన్సీ తిరిగొచ్చిన 180 రోజుల్లోపు బ్యాంక్‌కి ఇచ్చేయాలి, 2,000 డాలర్ల వరకు అయితే మనిషి దగ్గర ఉంచుకోవచ్చు, కానీ అది కంపెనీ డబ్బు కాబట్టి మీరు వసూలు చేసుకోవడమే మంచిది.

సొంత కార్డు హోటల్ బిల్లు మీద వాదన జరుగుతుంది, మనం ఆయనకి రూపాయల్లోనే తిరిగిచ్చాం కదా అని. నా లెక్కలో అది నోట్‌లోకి రావాలి, ఆయన యూరోల్లో కట్టింది మన తరఫునే గనక. హోటల్ బిల్లు, కార్డు స్టేట్‌మెంట్ రెండూ క్లెయిమ్‌కి పిన్ చేయించండి, కరెన్సీ మార్చినందుకు బ్యాంక్ అదనంగా వేసే మార్కప్, దాని మీద జీఎస్టీ మాత్రం రూపాయల ఛార్జీలే, వాటిని విడిగా రాయండి.

బోర్డు రిపోర్ట్‌లో కూడా విదేశీ మారకం గురించి ఒక లైన్ ఉంటుంది, అక్కడ అడిగేది నిజంగా బయటికి వెళ్లిన మొత్తం. మీది చట్టం చెప్పే చిన్న కంపెనీ కిందికి వస్తే ఆ రూల్ వర్తించదు. వర్తిస్తే మాత్రం నోట్‌లోది, బోర్డు రిపోర్ట్‌లోది రెండు అంకెలూ ఒకటి కాకపోవచ్చు, కంగారు పడకుండా తేడా ఎందుకొచ్చిందో ఒక కాగితం మీద రాసి ఫైల్‌లో పెట్టుకోండి, ఆడిటర్ గారు అడిగేది ముందు అదే.