పెన్సిల్‌తో ఆదివాసీ పెద్దల ముఖాలు గీస్తే పచ్చబొట్లు అతికించినట్టు కనిపిస్తున్నాయి, ఎందుకు?

చివర్లో 6బీ పెన్సిల్ తీసుకుని నల్లగా గీస్తున్నారు కాబట్టి (బీ ముందు అంకె పెరిగేకొద్దీ ములుకు మెత్తన, గీత నలుపు; హెచ్ అయితే గట్టి, లేత; హెచ్‌బీ మధ్యరకం). పచ్చబొట్టు చర్మం మీద కాదు, లోపల ఉంటుంది. ఒడిశాలోని కుటియా కోంధు అవ్వల ముఖాలు చూడండి. చిన్నతనంలో పొడిపించుకున్న గీతలు వయసు పెరిగేకొద్దీ అంచులు అలుక్కుపోయి, మసక నీలంలోకి దిగిపోతాయి.

అందుకని వరస తిప్పాలి. మొన అరిగిన హెచ్‌బీతో పచ్చబొట్టు ముందే వేసేయండి. దాని మీదుగా 2హెచ్‌తో చర్మం టోన్ మూడు నాలుగు పొరలు, ఒక్కో పొర ఒక్కో దిక్కుగా. తర్వాతే 2బీ, 4బీ. చెంప ఎముక మీద వెలుగు పడేచోట నీడెడ్ ఇరేజర్‌ను (పిండిలా పిసికి వాడే మెత్తటి రబ్బరు) అద్ది తీయండి, రుద్దొద్దు. ఆ మెరుపు పచ్చబొట్టు మీదుగా కూడా సాగాలి. అక్కడ గీత నల్లగానే ఉండిపోయిందా, మళ్లీ స్టిక్కరే.

ఇక ముడతలు. ముడత అంటే గీత కాదు, పొలంలో చాలు లాంటిది: ఒక పక్క గుంట, ఆనుకుని గట్టు. గుంటకు 4బీ, గట్టుకు ఇరేజర్. పచ్చబొట్టు గీత ముడతను దాటేచోట కాస్త లోపలికి దిగి, ముదురై, అవతల వెంట్రుకవాసి పక్కకు జరిగి మొదలవుతుంది. స్కేలు పెట్టినట్టు నేరుగా లాగితే చెంప పలకలా చదునైపోతుంది. ఏ4 మీద ఇదంతా పట్టదు. ఏ3 తీసుకోండి, ముఖమే ఇరవై సెంటీమీటర్లు రావాలి.

ముదురు చర్మం అనగానే అంతా నలుపు పులిమేసి, వేలితో రుద్దేసే అలవాటు ఒకటుంది. వేలి జిడ్డు కాగితానికి పట్టాక పై పొర సరిగ్గా అంటదు, మచ్చలు తేలతాయి. నిజానికి ముదురు చర్మం మీదే మెరుపులు పదునుగా ఉంటాయి. ఆదిలాబాద్ గోండుల గుస్సాడీ నర్తకుల సంగతి వేరు. ఒంటికి బూడిద పూసుకుంటారు కాబట్టి మెరుపే ఉండదు, అక్కడ 2హెచ్, హెచ్‌బీలతో పొడిపొడిగా సరిపెట్టాలి.

కటిక నలుపుకు 8బీ నొక్కితే గ్రాఫైట్, అంటే మామూలు పెన్సిల్ ములుకు, తళతళలాడి, ఫొటోలో ఆ చోటే తెల్లబడుతుంది. దానికి మెరవని నలుపునిచ్చే కార్బన్ పెన్సిల్ వాడండి. గ్రాఫైట్ మీద కార్బన్ జారిపోతుంది కనుక కంటిపాప, ముక్కుపోగు నీడ లాంటి చోట్లను ముందే ఖాళీగా వదలండి.

అన్నట్టు, కోంధు ముఖానికి బోండా అనే వేరే తెగ స్త్రీల పూసల దండలు తగిలించి, కింద ‘ట్రైబల్ లేడీ’ అని రాసే బొమ్మలు ఆన్‌లైన్‌లో కుప్పలుగా ఉన్నాయి. షేడింగ్ ఎంత బాగున్నా అది పోర్ట్రెయిట్ కాదు, ఫ్యాన్సీ డ్రెస్. ఎవరి ముఖమో, ఏ తెగో తెలియని ఫొటోను అసలు ముట్టుకోకండి.

బొమ్మ చెరిగిపోకుండా కొట్టే స్ప్రే, ఫిక్సేటివ్, 30 సెంటీమీటర్ల దూరం నుంచి రెండు పల్చటి పూతలు చాలు. టోన్ కొంచెం ముదురుతుంది, ఆపైన ఇరేజర్ పనిచేయదు. మెరుపులన్నీ అంతకుముందే తీసి పెట్టుకోండి.